వియ్యాలవారి బాతు విందు

మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టాను.

"అమ్మా, వాళ్ళ పేరెంట్స్ మిమ్మల్నిద్దర్నీ డిన్నర్‌కి పిలుస్తున్నారు. మీరు ఇక్కడికి వచ్చే వీకెండ్‌కే. డక్ రెస్టారెంట్‌కి."

ఎదురుగా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న మా ఆయన తలెత్తారు. "డక్ అంటే బాతేనా?"

"బాతే నాన్నా. చైనీస్ రోస్ట్ డక్. అది ముందే ఆర్డర్ చేయాలి, అప్పటికప్పుడు అడిగితే ఇవ్వరు. వాళ్ళు ఆల్రెడీ బుక్ చేసేశారు. ప్లీజ్, వద్దని చెప్పకండి. వాళ్ళకి అది పెద్ద రెస్పెక్ట్."

మా అమ్మాయి సియాటిల్ దగ్గర రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తుంది. తను పెళ్ళి చేసుకుంటానన్న అబ్బాయిదీ అదే ఆఫీసు. పుట్టింది ఇక్కడే అమెరికాలో, తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చినవాళ్ళు. అబ్బాయి కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉన్న మా ఇంటికి రెండు మూడుసార్లు వచ్చాడు. నెమ్మదస్తుడు, తిన్న కంచం తనే సింకులో పెట్టి కడిగేవాడు. మాకు నచ్చాడనే చెప్పాలి. కానీ అబ్బాయి నచ్చడం వేరు, సంబంధం కలుపుకోవడం వేరు. వాళ్ళ అమ్మానాన్నల్ని మేమింకా చూడలేదు. ఈ బాతు విందు అందుకే.

ఫోన్ పెట్టేశాక మా ఆయన లాప్‌టాప్ మూసేశారు. ఆయనది కొల్లేరు దగ్గర ఊరు. కోడీ, చేపా, రొయ్యా అన్నీ తింటారు గానీ బాతు మాత్రం ముట్టరు.

"వరికోతలయ్యాక బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు మా చేలలోకి. రాలిన గింజలు, నత్తలు తినడానికి. ఆ మంద గట్టు దిగుతుంటే ఊరంతా వచ్చేది బురద వాసన. ఆ నీచు ఇంకా నా ముక్కులోనే ఉంది," అన్నారు.

"నాకైతే ఆ బాధ లేదు," అన్నాను.

మామూలుగానే అన్నాను. ఆయన మాత్రం లేచి మడతపెట్టిన బట్టలు తీసుకెళ్ళి లోపల సర్దారు.

నాకు వాసన తెలియదు. ఊళ్ళో అందరికీ వచ్చిన జ్వరమే నాకూ వచ్చింది. అందరికీ పోయినట్టే వాసన పోయింది. అందరికీ తిరిగొచ్చింది, నాకు రాలేదు. నాలుకకి ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. కారం మండుతుంది. అంతే. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ వాటా ముక్కుదేనని అది పోయాక గాని తెలియదు. పప్పుచారు అంటే పుల్లటి వేణ్ణీళ్ళు, కాఫీ అంటే చేదు వేణ్ణీళ్ళు. ఆవకాయ కలుపుకుంటే కళ్ళలో నీళ్ళొస్తాయి గాని ఆవకాయ రాదు.

ఒకప్పుడు ఇంట్లో ఉప్పు చూడ్డానికి నన్నే పిలిచేవాళ్ళు. దేవుడికి పెట్టే పులిహోర ఎంగిలి చేయకూడదు కదా, మా అత్తగారు గిన్నె నా ముందుకు జరిపి "ఓసారి చూసి చెప్పమ్మా" అనేవారు. మూత తీసి, ఆవిరి తగలగానే "ఇంకో చిటికెడు పడాలండీ" అనేదాన్ని. ఎలా తెలిసేదో నాకే తెలియదు. ఇప్పుడు పోపు వేసేటప్పుడు చెవి పెట్టి వింటాను. ఆవాలు చిటపటమనడం ఆగితే చాలు, వెంటనే దించేస్తాను. పాలు విరిగాయో లేదో మా ఆయన్ని అడుగుతాను.

మొదట్లో ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. తలో వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఒకావిడ, "అయితే లక్కీయే మీరు, డైటింగ్ ఈజీ" అంది. ఇంకొకాయన తన కజిన్‌కి ఎలా తిరిగొచ్చిందో అరగంట చెప్పి, నిమ్మకాయ కాల్చి తినమన్నాడు. "వస్తుంది లెండి, వస్తుంది" అని భుజం తట్టనివాళ్ళు లేరు. డాక్టరు చెప్పినట్టు లవంగ నూనె, నీలగిరి నూనె సీసాలు పొద్దున్నా సాయంత్రం ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. ఖాళీ సీసాలు పెట్టుకున్నట్టే ఉండేది. కొన్నాళ్ళకి సీసాలూ మానేశాను, చెప్పడమూ మానేశాను.

అందుకే విమానం ఎక్కేముందు మా అమ్మాయికి ఒకటే చెప్పాను. "నా ముక్కు సంగతి వాళ్ళతో అనకు. మొదటిసారి కలుస్తున్నాం. నా మీద జాలితో మొదలుపెట్టొద్దు."

"ఓకే అమ్మా. కానీ వాళ్ళు అలాంటివాళ్ళు కాదు."

"ఎలాంటివాళ్ళైనా సరే."

జూన్ నెల కావడంతో సియాటిల్ వైపు సాయంత్రం ఏడున్నరకి కూడా ఎండ బాగానే ఉంది. రెస్టారెంట్ బయటనుంచి చూస్తే ఏదో ఆఫీసు భవనంలాగే ఉంది. లోపల మాత్రం నల్లరాయి నేల, పైనుంచి వేలాడే పెద్ద పెద్ద సిల్కు దీపాలు, మనిషి మాట పక్క బల్లకి వినపడనంత దూరంలో బల్లలు. ఒక గోడంతా అద్దం. అద్దం వెనక ఇటుక పొయ్యి, అందులో ఎర్రగా మంట, మంట ముందు కొక్కేలకి వరసగా వేలాడుతున్న బాతులు. తేనెరంగులో మెరుస్తున్నాయి. మా ఆయన ఒక క్షణం అక్కడే నిలబడిపోయారు.

"ఇవి మన చేలో తిరిగినవాటిలా లేవే," అన్నారు మెల్లగా.

అబ్బాయి నాన్నగారు మాకన్నా ముందే వచ్చి, బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. పొడగరి, నవ్వుముఖం. సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్ళలో పెద్ద అతిథికి ఆ కుర్చీ ఇస్తారట, అబ్బాయి చెప్పాడు. అబ్బాయి అమ్మగారు సన్నగా, చిన్నగా ఉన్నారు. బూడిదరంగు బట్టలు, మెడలో పచ్చరాయి. నాకు తలవంచి నమస్కారంలాంటిది చేశారు. ఆవిడ ఇంటిదగ్గర పిల్లలకి చైనీస్ రాయడం నేర్పుతారు. ఇంగ్లీషు అర్థమవుతుంది గాని మాట్లాడాలంటే మొహమాటం.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇంగ్లీషులో రెండు మాటలు ప్రయత్నించాను. ప్రయాణం గురించి ఆవిడ అడిగారు, బాగా జరిగిందన్నాను. తర్వాత ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

మగవాళ్ళకి మాత్రం మాటలు దొరికాయి. మా అమ్మాయి మధ్యలో ఉండి, "అంకుల్, మా లాంగ్వేజ్‌లో మీరు మా నాన్నకి ఏమవుతారో దానికి ఒక వర్డ్ ఉంది," అని మొదలుపెట్టింది. తర్వాత నావైపు తిరిగి, "అమ్మా, ఏంటది? వియ్యం..."

"వియ్యంకుడు."

ఆయన ఆ మాట అనడానికి ప్రయత్నించి, "వియాంకు" దగ్గర ఆగిపోయారు. అందరం నవ్వాం. అప్పుడాయన, తమకీ ఒక మాట ఉందన్నారు. "చింగ్‌జ్యా" అంటారట. కొడుకు అత్తమామలు, కూతురు అత్తమామలు, పెళ్ళివల్ల కలిసిన రెండు ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు చింగ్‌జ్యా.

"ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నాను. ఇంగ్లీషులో ఈ మాట వెతికాను. లేదు," అన్నారు ఆయన. "అబ్బాయి మామగారు అని చుట్టూ తిప్పి చెప్పాలి. మనిద్దరికీ నేరుగా చుట్టరికం లేదంటుంది ఈ భాష."

మా ఆయన కుర్చీ ఆయనవైపు జరుపుకున్నారు. "మావైపు పిలుపు కూడా ఉంది. వియ్యంకుణ్ణి బావగారు అంటాం. అన్నదమ్ముల వరసలో కాదు, హాస్యాలాడుకునే వరసలో," అన్నారు.

"బావ... గారు," అన్నారాయన. ఈసారి బాగానే వచ్చింది. ఆ సాయంత్రమంతా మా ఆయన్ని అలాగే పిలిచారు, ఒక్కోసారి గారు ముందు, బావ తర్వాత.

నేను వింటూనే ఉన్నాను గాని మనసంతా నా పళ్ళెం మీదే ఉంది. బల్ల మధ్యలో తిరిగే గాజు పళ్ళెం మీద చల్లటి వంటకాలు ఒక్కొక్కటే వచ్చాయి. పెద్ద హోటల్‌కి వెళ్ళడమంటే నాకు ఈమధ్య భయం. ఎవరో శ్రద్ధగా వండినదాన్ని, ఇంకెవరో ప్రేమగా తినిపిస్తుంటే, ఏమీ తెలియకుండా "వెరీ నైస్" అనాలి. ఆ అబద్ధం మెత్తటిదే గాని గొంతు దిగదు. ఆ రోజు కూడా ప్రతిదానికీ అదే అన్నాను. అబ్బాయి నాన్నగారు పొయ్యివైపు చూపించి, "చెర్రీ కట్టెలు వాడతారు. ఆ వాసన వస్తోందా?" అంటే, "వస్తోంది, చాలా బాగుంది," అన్నాను.

పక్కన ఆవిడ నా పళ్ళెంలోకే చూస్తున్నారు. ఏదైనా వస్తే నాకు ముందు వడ్డించేవారు. నేను ఎంత తిన్నానో, ఏది వదిలేశానో కనిపెడుతున్నారు. ముఖంలో నవ్వు లేదు. మెత్తటి వంకాయ వదిలేశాను. పుట్టగొడుగులు సగం వదిలేశాను. కీరాముక్కలు, కరకరలాడే ఏదో దుంప, వేయించిన వేరుశనగపప్పులు తిన్నాను. మిరపకాయ కనపడితే తీసుకున్నాను. ఆవిడ చూపు నన్ను ఇబ్బంది పెట్టింది. తిండి దగ్గరే ఇంత పేచీ పెట్టే మనిషి కూతురు మనింటికి ఎలా సర్దుకుంటుందో అని తూకం వేస్తున్నారేమో అనుకున్నాను.

అప్పుడు బాతు వచ్చింది. తెల్లకోటు, పొడుగు టోపీ వేసుకున్న వంటాయన చిన్న బండిమీద తోసుకొచ్చి మా బల్ల పక్కన ఆపాడు. అందరూ మాటలు ఆపేశారు. ఆయన ముందు రొమ్ము మీది చర్మాన్ని పల్చగా కోశాడు. కత్తి దిగుతుంటే సన్నగా ఎండుటాకు చప్పుడు వచ్చింది. ఆవిరి పైకి లేచింది. మా అమ్మాయి, అబ్బాయి, మా ఆయన, వియ్యంకుడుగారు అందరూ ఒకేసారి ఊపిరి లోపలికి పీల్చి "ఆహా" అన్నారు. బాతు అంటేనే ముఖం చిట్లించే మా ఆయన కూడా అన్నారు.

నేనూ పీల్చాను. కాకపోతే అందరినీ చూశాక, కాస్త ఆలస్యంగా.

ఆవిడ అబ్బాయితో చైనీస్‌లో ఏదో అన్నారు. అబ్బాయి వద్దన్నట్టు చూశాడు. ఆవిడ మళ్ళీ అన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"ఏం లేదు ఆంటీ."

"ఏదో అంటున్నారుగా. చెప్పు."

అతను మా అమ్మాయివైపు చూశాడు. ఆ తర్వాత పళ్ళెంలోకి చూస్తూ, "మీకు వాసన తెలుస్తోందా అని అడుగుతోంది అమ్మ," అన్నాడు.

నేను అమ్మాయిని చూశాను. తను కంగారుగా తల అడ్డంగా ఊపింది. తను చెప్పలేదని నాకు తెలిసిపోయింది. మా ఆయన నన్నే చూస్తున్నారు. తెలుస్తోందని చెప్పి తప్పించుకోవచ్చు. ఎన్నోసార్లు చెప్పాను అలా. కానీ ఆవిడ మొహంలో జాలి లేదు, పరీక్ష కూడా లేదు. జవాబు కోసం ఎదురు చూస్తున్నారు, అంతే.

"తెలియదు," అన్నాను. "ఒక జ్వరంలో పోయింది."

ఆవిడ తలూపారు, తను అనుకున్నదే అయినట్టు. ఆ తర్వాత ఆ సాయంత్రంలో మొదటిసారి చాలాసేపు మాట్లాడారు. అబ్బాయి కొంచెం కొంచెంగా చెబుతూ వచ్చాడు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మంచు బాగా పడేదట. ఒక చలికాలం వాళ్ళమ్మ సైకిల్ మీంచి జారిపడితే, తల వెనక భాగం నేలకి కొట్టుకుందట. దెబ్బ మానింది గాని వాసన పోయింది.

"అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదట," అన్నాడు అబ్బాయి. "పైకి ఏమీ అనకుండా తినేదట. అమ్మే కనిపెట్టింది. గిన్నెలో ఏం మిగిల్చిందో రోజూ చూసేదట. మెత్తగా ఉన్నవన్నీ మిగిలేవి. కరకరలాడేవి, పుల్లగా ఉండేవి, మండేవి అయిపోయేవి. ఇందాకటి నుంచి మీ ప్లేట్ అలాగే ఉందట."

అంతసేపూ నన్ను తూకం వేస్తున్నారనుకున్న కళ్ళు నన్ను చదువుతున్నాయన్నమాట.

కాసేపటికి నేనే అడిగాను. "వాళ్ళమ్మగారికి మళ్ళీ వచ్చిందా?"

అబ్బాయి అనువదించే అవసరం లేకపోయింది. ఆవిడ నేరుగా ఇంగ్లీషులో, "లేదు," అన్నారు. "ఎప్పుడూ రాలేదు."

వస్తుంది లెండి అని అనలేదు ఆవిడ. విచిత్రంగా నా భుజాలు వదులయ్యాయి. అప్పటిదాకా అందరూ నాకు ఆశ ఇచ్చారు. ఆశ ఇచ్చినప్పుడల్లా ఇంకొన్నాళ్ళు ఎదురుచూసే పని నా మీద పడేది. ఈవిడ ఆ పని తీసేశారు. రాకపోయినా బతికిన మనిషి ఒకావిడ ఉందని, రోజూ ఆవిడ గిన్నె చూసి కనిపెట్టిన కూతురు నా పక్కనే కూర్చుందని తెలిసింది.

ఆవిడ కోసిన చర్మం ముక్క ఒకటి తీసి, చిన్న గిన్నెలోని పంచదారలో అద్ది, నా పళ్ళెంలో పెట్టారు. వేలితో తన చెవి చూపించి, తర్వాత దవడ చూపించి, నమలమన్నట్టు సైగ చేశారు.

నోట్లో పెట్టుకున్నాను. పల్చటి అప్పడం విరిగినట్టు విరిగింది. విరిగిన చోటే కొవ్వు కరిగి నాలుక మీదికి వెచ్చగా పాకింది, దాని మధ్యలో పంచదార పలుకులు నలిగాయి. చప్పుడు, వేడి, తీపి. వాసన లేదు. అయినా అది వేణ్ణీళ్ళు కాదు. నోట్లో ఏదో జరుగుతోందని చాలా రోజుల తర్వాత నాకు తెలిసింది. కళ్ళు మూసుకుని నమిలాను. తెరిచేసరికి ఆవిడ ఇంకో ముక్క అద్దుతున్నారు.

పల్చటి చిన్న రొట్టెల్లో మాంసం, ఉల్లికాడలు, కీరా, తియ్యటి నల్లటి సాసు పెట్టి చుట్టి తింటారు దీన్ని. అందరివీ ఒకలా చుట్టారు ఆవిడ, నాదొక్కటీ వేరేలా. కీరా రెట్టింపు, చర్మం ఎక్కువ, నలిపిన పచ్చి వెల్లుల్లి, అడిగి తెప్పించిన పచ్చిమిర్చి. నాలుగు తిన్నానో ఐదు తిన్నానో గుర్తులేదు. మా అమ్మాయి నన్ను చూస్తూ తినడం మర్చిపోయింది.

"అమ్మా, నువ్వు ఓకేనా?"

"ఆకలేస్తోందే," అన్నాను. నిజంగానే వేస్తోంది. అది కూడా చాలా రోజుల తర్వాతే.

ఇంతలో వంటాయన బాతు తలని రెండుగా చీల్చి, చిన్న పళ్ళెంలో తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. పెద్ద అతిథికి అదో మర్యాద. మా ఆయన చిరునవ్వు చెదరనివ్వకుండా తెలుగులో, "దీన్నేం చేయమంటావు?" అన్నారు.

"జస్ట్ థాంక్స్ చెప్పు నాన్నా. తినక్కర్లేదు," అంది అమ్మాయి, అదే చిరునవ్వుతో.

ఆయన థాంక్స్ చెప్పి, తల ఉన్న పళ్ళేన్ని గౌరవంగా బావగారివైపు తిప్పారు. ఆయన ఆనందంగా అందుకున్నారు. అది ఆయనకి ఇష్టమేనని తర్వాత తెలిసింది. మా ఆయన మిగిలిన బాతు మాత్రం బాగానే తిన్నారు. కొల్లేరు నీచు గురించి ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఎత్తలేదు.

మాంసం అంతా కోశాక మిగిలిన ఎముకల్ని రెస్టారెంట్ వాళ్ళు పొట్లం కట్టి మాకు ఇచ్చారు. మర్నాడు పొద్దున అబ్బాయి నాన్నగారు మా ఆయన్నీ పిల్లల్నీ ఏదో సరస్సు చూపిస్తానని తీసుకెళ్ళారు. ఆవిడ మాత్రం ఒక సంచీతో మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. సంచీలో పొడుగాటి చైనా క్యాబేజీ, టోఫూ, అల్లం. ఎముకలు పారేస్తామేమోనని భయపడ్డారట.

మా అమ్మాయి వంటిల్లు ఇద్దరు పట్టేంతే ఉంటుంది. మేమిద్దరమే. మధ్యలో కౌంటర్ మీద ఆవిడ ఫోను. ఆవిడ చైనీస్‌లో మాట్లాడితే అది ఇంగ్లీషులో చెబుతుంది. నేను ఇంగ్లీషులో చెబితే అది చైనీస్‌లో చెబుతుంది. ఎముకలు మరుగుతుండగా ఆవిడ ఫోనులో ఏదో అడిగారు. "మీ ముక్కు ఇంట్లో లేనప్పుడు ఇంటిని ఎవరు చూస్తారు?" అంది ఫోను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాం. రెండోసారి మాటలు మార్చి అడిగాక అర్థమైంది. గ్యాస్ లీకైతే మీకెలా తెలుస్తుంది అని.

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. పగలంతా ఇంట్లోంచే పనిచేస్తాను, ఒక్కదాన్నే ఉంటాను. తెలియదని చెప్పాను. ఆవిడ ఫోనులోనే వెతికి, గోడకి పెట్టే గ్యాస్ అలారం బొమ్మ చూపించారు. నేను ఫోటో తీసుకునేదాకా ఊరుకోలేదు.

సూపు తెల్లగా, పాలలా అయింది. ఆవిడ మిరియాలపొడి వేశారు. నేను ఇంకాస్త వేశాను, పచ్చిమిర్చి చీల్చి పడేశాను. ఆవిడ చూసి సరేనన్నట్టు తలూపారు. గిన్నెల్లో పోసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాక, ముందురోజు నుంచీ అడగాలనుకున్నది అడిగాను.

"ఈ పెళ్ళి మీకు ఇష్టమేనా?"

ఫోను చెప్పింది విని ఆవిడ సూపు రెండు చెంచాలు తాగారు.

"మొదట ఇష్టం లేదు," అన్నారు చివరికి. "మీ అమ్మాయి మంచిదే. నా భయం నా గురించి. వయసు పెరిగేకొద్దీ నా ఇంగ్లీషు తగ్గిపోతుంది. మా అత్తగారికి అలాగే అయింది. అప్పుడు నా కోడలితో ఏ భాషలో మాట్లాడాలి?"

"ఇప్పుడు?"

"మీ అమ్మాయి నేర్చుకుంటోంది. చాలా తప్పులు. మాకు కొనడానికీ అమ్మడానికీ ఒకే మాట, స్వరం తేడా. నా కోసం పళ్ళు కొన్నానని చెప్పబోయి, అమ్మేశానని చెబుతుంది. అయినా ప్రతివారం వచ్చి అమ్మేసి వెళ్తుంది."

నేను నవ్వాను. ఆ తర్వాత నా భయం కూడా చెప్పాను. మా అమ్మాయికి తెలుగు ఎలాగూ సగమే వచ్చు, ఇప్పుడు మూడో భాష ఇంట్లోకి వస్తే ఆ సగమూ పోతుందేమో, రేపు పిల్లలు పుడితే నేను వాళ్ళకి ఫోను పెట్టుకుని చెప్పాలేమో అని. ఫోను అదంతా చైనీస్‌లోకి మార్చడానికి చాలా సమయం తీసుకుంది. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ధైర్యం చెప్పలేదు. "అవును. అలా జరగొచ్చు," అన్నారు. ఆ మాటకి నేను నొచ్చుకోలేదు. ముందురోజే ఆవిడ పద్ధతి తెలిసింది కదా. కాసేపు ఇద్దరం బయట వానముసురు చూస్తూ సూపు తాగాం. మావైపు వియ్యపురాలిని వదినగారు అంటామని లేచేముందు చెప్పాను. ఆవిడ మూడుసార్లు అని చూసుకున్నారు.

తిరుగు విమానంలో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. అలారం ఫోటో చూపించి, ఆవిడ అడిగిన ప్రశ్న చెప్పాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"నాకెందుకు తట్టలేదు ఇది?" అన్నారు. ఫోను నాకు తిరిగిచ్చి, "అసలు నీకెలా ఉంటుంది? నేనెప్పుడూ అడగలేదు," అన్నారు.

"ఎందుకడగలేదు?"

"అడిగితే గుర్తుచేసినట్టు అవుతుందని. కాఫీ కూడా నీ ముందు తాగడం మానేశాను. పెరట్లోకి తీసుకెళ్ళి తాగుతున్నాను, చూశావో లేదో."

చూశాను. రోజూ పొద్దున కప్పు పట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు. నాతో కూర్చోవడం విసుగనిపిస్తోందేమో అనుకున్నాను. తిండి గురించి మాట్లాడలేని మనిషి దగ్గర మాటలేం ఉంటాయని నన్ను నేనే సమాధానపరుచుకున్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన తెల్లబోయారు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరి కోసం ఒకరం చాటుగా బాధపడుతూ ఇన్నాళ్ళు గడిపామని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాను. పాపాయిగా ఉన్నప్పటి మా అమ్మాయి తల వాసన గుర్తు తెచ్చుకోబోతే మాట మాత్రమే వస్తుందని, వాసన రాదని. స్నానం చేసినా శుభ్రంగా ఉన్నానో లేదో తెలియక మళ్ళీ చేస్తానని. ఆయన చీర కొంగు పట్టుకున్నట్టు నా చున్నీ అంచు వేళ్ళమధ్య పెట్టుకుని వింటూ కూర్చున్నారు. మా ఇంటి దగ్గరి శాన్‌హోజేలో దిగేదాకా చెబుతూనే ఉన్నాను. మధ్యలో డ్రింక్స్ బండి వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరం ఏమీ తీసుకోలేదు.

పెళ్ళి మరుసటి వేసవిలో అయింది, పొద్దున మన పద్ధతిలో, మధ్యాహ్నం వాళ్ళ పద్ధతిలో పెద్దలకి టీ అందించడం. నాకు వాసన రాలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే రాలేదనే చెబుతున్నాను. మా వదినగారు నెలకోసారి వీడియో కాల్ చేస్తారు. ఫోను అనువాదం మధ్యలో ఎప్పుడూ ఏదో తికమక చేస్తుంది, దాన్ని సరిచేసుకోవడంలోనే సగం కాల్ అయిపోతుంది. కిందటివారం ఆవిడ అనువాదం ఆపేసి, మా అమ్మాయి దగ్గర నేర్చుకున్న తెలుగులో, "వదినగారు, తిన్నారా?" అని అడిగారు. తిన్నానన్నాను. ఏం తిన్నానో అడగడానికి ఆవిడకి ఇంకా మాటలు రావు. బెండకాయ వేపుడు గిన్నె కెమెరా ముందుకు తెచ్చి, ఒక ముక్క కొరికి వినిపించాను.